వోడ్కా అత్త, జిన్ కోడలు

బస్సు డిపో వెనక వీధిలో కింద బట్టీ, పైన ఇల్లు ఉన్న పాత మేడ ఒకటుంది. అందులో అత్త వోడ్కా తీస్తుంది, కోడలు జిన్ తీస్తుంది. ఇది ఎవరూ కూర్చుని చేసిన ఏర్పాటు కాదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడే కోడలికి జిన్ మీద మనసు పడింది. అత్తకేమో జిన్ అంటే మొదటినుంచీ చిన్నచూపు. "ఇన్ని దినుసులు పడేస్తే ఎవరు తీసినా బాగానే ఉంటుంది. ఏమీ వెయ్యకుండా తీసి మెప్పించమను, చూద్దాం" అనేది. అలా ఎవరి సరుకు వాళ్ళదైంది. రాగి పాత్ర మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

నిజానికి ఆ రెండూ ఒక తల్లి పిల్లలే. గోధుమలు ఉడికించి, పులియబెట్టి, కాచి తీసిన సారమే రెండింటికీ మూలం. చూడ్డానికి రెండూ మంచినీళ్ళలా ఉంటాయి, ఘాటు కూడా ఇంచుమించు ఒకటే. తేడా అంతా తర్వాతి పెంపకంలో ఉంది. అత్త ఆ సారాన్ని మళ్ళీ కాచి, బొగ్గులోంచి వడకట్టి, ఉన్న వాసనలన్నీ ఊడబెరుకుతుంది. కోడలు అదే సారంలో జూనిపర్ అనే నల్లటి ఎండుకాయలు, ధనియాలు, నారింజ తొక్క వేసి కాచి, లేని వాసనలన్నీ తెచ్చిపెడుతుంది. జూనిపర్ పడకపోతే అది జిన్ కాదు. జూనిపర్ వాసన తగిలిందంటే అది ఈ ఇంటి వోడ్కా కాదు.

అందుకే ఈ ఇంట్లో ముక్కుకి అంత విలువ. ఏ వాసనా లేదని గట్టిగా చెప్పాలంటే అన్ని వాసనలూ తెలిసుండాలి కదా. వీధి వీధంతా పెద్దమ్మ అని పిలిచే ఆ అత్తకి అలాంటి ముక్కు ఉండేది. అరచేతిలో ఇంత వోడ్కా వేసుకుని, రెండు చేతులూ రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. "ఉంది" అంటే మళ్ళీ కాయాల్సిందే. "లేదు" అంటే సీసాల్లోకి పోవచ్చు. ఆ రెండు మాటలే తప్ప మూడో మాట ఉండేది కాదు. కోడలి ధోరణి వేరు. "వడ్రంగి కొట్టు ముందు వాన పడ్డట్టుంది అత్తయ్యా. వెనకాల ఎవరో నారింజ ఒలుస్తున్నారు" అనేది. "వాసన అడిగితే కథ చెప్తావేంటే" అని అత్త కసిరేది.

చలికాలంలో పెద్దమ్మకి జ్వరం వచ్చింది. ఆ జ్వరం పోతూ పోతూ ముక్కును కూడా పట్టుకుపోయింది. పొయ్యి పక్కనే నిలబడి ఉండగా పాలు మాడిపోతే ఆ సంగతి ఆమెకు పొగ చూశాక తెలిసింది. ఏదో ఆలోచనలో ఉన్నానని సర్దిచెప్పింది. ఎవరితోనూ అనలేదు. వాసన తెలియని పెద్దమ్మ ఇంకేం పెద్దమ్మ? మెట్ల మీద కూర్చుని వచ్చే పోయే బస్సులు చూసుకునే ముసలిది, అంతే. బయటపడితే రాగి పాత్ర పక్కనున్న తన స్టూలు పోతుందని ఆమె భయం. నోరున్న మనిషే గానీ ఈ ఒక్క మాట దగ్గర నోరు పెగల్లేదు.

కాబట్టి నటించింది. చేతులు రుద్దింది, కళ్ళు మూసింది, "లేదు" అంది. నాలుక మీద భారం వేసి, రుచిని బట్టి ఎలాగో నెట్టుకొచ్చింది. కానీ నటనలో ఒక పొరపాటు దొర్లింది. ఎందుకైనా మంచిదని కోడలి జిన్‌ని "బాగుంది" అనడం మొదలుపెట్టింది. కోడలు బిత్తరపోయి మొగుడితో, "మీ అమ్మగారికి జ్వరం పూర్తిగా తగ్గలేదేమో. నన్ను మెచ్చుకున్నారు" అంది.

జిన్ తీసిన పాత్రలో వోడ్కా తియ్యాలంటే ముందు వట్టి నీళ్ళు మరిగించి, ఆ ఆవిరితో పాత్ర మెడకి పట్టిన జూనిపర్ వాసన కడగాలి. అది పెద్దమ్మ సొంత పని, ఇంకెవర్నీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. చాలో చాలదో ఎప్పుడూ ముక్కే చెప్పేది. ఈసారి కళ్ళను అడిగింది. రాగి అద్దంలా మెరుస్తోంది. చాలనుకుని మంట ఆపేసి, వోడ్కా కాచింది. సరుకు దిగాక ఎప్పటిలాగే చేతులు రుద్ది "లేదు" అంది. సీసాలు నిండాయి, పెట్టెలు గుమ్మం దగ్గరికి చేరాయి.

పొద్దున్న కోడలు ఒక సీసా మూత తీసి ఆగిపోయింది. మళ్ళీ వాసన చూసింది.

"అత్తయ్యా, ఇది మీరు చూశారా?"

"చూశాను. లేదన్నానుగా."

కోడలు మూత నెమ్మదిగా మళ్ళీ బిగించి అత్త వైపు తిరిగింది. ఆ మొహం చూడగానే పెద్దమ్మకి అంతా అర్థమైంది. సీసాలో ఏముందో అర్థమైంది, తన సంగతి తెలిసిపోయిందనీ అర్థమైంది.

అంతలో ఎప్పుడూ ఇక్కడే సరుకు కొనే హోటల్ మేనేజరు వ్యానుతో దిగాడు. మర్నాడు వాళ్ళ హోటల్లో పెద్ద విందు. కోడలు వాసన చూడమని సీసా అందించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మూత తియ్యక్కర్లేదమ్మా. పెద్దమ్మ లేదంటే లేదంతే."

ఊరుకుంటే పెట్టెలు వ్యానెక్కేవి. విందులో ఎవరు పట్టుకోబోయారు? పైగా కోడలు అప్పటికే తప్పు నెత్తినేసుకోవడానికి సిద్ధపడింది. "ఇది ఇవ్వలేమండీ. పాత్ర కడగడంలో నేనే కాస్త..." అని మొదలుపెట్టింది.

"నువ్వుండవే" అంది పెద్దమ్మ. స్టూలు మీంచి లేచి వచ్చింది. "కడిగింది నేను బాబూ. చూసి పంపిందీ నేనే. నాకు జ్వరం వచ్చాక వాసన తెలియట్లేదు. ఇందులో జిన్ వాసన ఉందిట, ఈ పిల్ల పట్టుకుంది. ఇకమీదట నా మాట నమ్మి తీసుకోకు, దీని మాట నమ్ము."

ఎంత తేలిగ్గా అనేసిందో చూడండి. ఇన్నాళ్ళూ గొంతులో ముల్లులా ఉన్న మాట, కోడలు అబద్ధమాడబోతుంటే ఒక్క క్షణం ఆగలేదు. ఆమె వోడ్కా గొప్పదని చాలామంది అంటారు. నన్నడిగితే ఆ మాటే గొప్పది.

మేనేజరు ఉన్న జిన్ సీసాలు వ్యానెక్కించుకుని, వోడ్కాకి వచ్చే వారం వస్తానని వెళ్ళిపోయాడు. అత్తాకోడళ్ళిద్దరూ కూర్చుని ఆ వోడ్కా సీసాలన్నీ మళ్ళీ పాత్రలోకి వంపారు. జూనిపర్ వాసన ఒకసారి పట్టిందంటే మళ్ళీ కాచినా పూర్తిగా పోదు; జిన్‌ని వెనక్కి వోడ్కాగా మార్చడం ఈ చిన్న బట్టీ వల్ల కాదు. వోడ్కాని జిన్ చెయ్యడం కోడలికి చిటికెలో పని. జూనిపర్ దోసిళ్ళతో వేసింది, ధనియాలు దంచింది. నారింజ తొక్క పెద్దమ్మే తరిగింది. సాయంత్రానికి ధార దిగింది.

పెద్దమ్మ అలవాటుకొద్దీ చేతులు చాచి కాస్త జిన్ పోయించుకుంది. రుద్దింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. కాసేపు చేతులకేసి చూసుకుని, ఆ రెండు అరచేతులూ కోడలి మొహం ముందు పెట్టింది.

"నువ్వు చూడు."

కోడలు అత్త చేతులు పట్టుకుని వంగింది. కళ్ళు మూసుకుంది.

"ఉంది అత్తయ్యా."

"ఉందని నాకూ తెలుసు. ఏముందో చెప్పు."

కోడలు మళ్ళీ ఒకసారి వాసన పీల్చింది. మెల్లగా అంది, "వడ్రంగి కొట్టు... తలుపులు తీసే ఉన్నాయి. వాన ఇప్పుడే వెలిసింది. కొత్త చెక్క తడిసింది."

"ఊఁ."

"లోపల ఎవరో ధనియాలు వేయిస్తున్నారు."

పెద్దమ్మ కూడా కళ్ళు మూసుకుంది. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"మరి ఆ నారింజ ఒలిచేవాళ్ళు," అంది, "ఇంకా రాలేదా?"