సుమియె బామ్మ మెచ్చుకున్న రోజు

జపాన్‌లోని మా మత్సుయామా ఊళ్లో సుమియె బామ్మ నోటికి జడవని వాళ్లు లేరు. ట్రాం స్టాపు పక్కనే ఆమె క్షౌరశాల. డెబ్బై దాటినా పొద్దునపూట ఇప్పటికీ కత్తెర పట్టుకుంటుంది. మా ఆయన నోబురుకి చిన్నప్పుడు జుట్టు కత్తిరించిందీ ఆమే, ఇప్పుడు ఆ తలమీద మిగిలిన నాలుగు వెంట్రుకలకూ దిక్కు ఆమే.

ప్రతి బుధవారం మధ్యాహ్నం మేమిద్దరం నడిపే చిన్న ఫ్రెంచి హోటలు, బిస్ట్రోకి భోజనానికి వస్తుంది. కౌంటరు చివరి కుర్చీ, బ్రెడ్డు బదులు అన్నం, ఫోర్కు బదులు చాప్‌స్టిక్స్. ముద్ద నోట్లో పడగానే వంకలు మొదలు.

"ఏం అబ్బాయ్, ఈ బాతు నీకంటే ముసలిదా?"

"మీకంటే చిన్నదే బామ్మా!" అని మా ఆయన వంటింట్లోంచి అరుస్తాడు. తిట్టుకుంటూనే పళ్లెం ఖాళీ చేస్తుంది.

ఈ వసంతంలో ఏదో పత్రిక వాళ్లొచ్చి మా కొట్టు ఫొటోలు తీసుకెళ్లారు. అప్పట్నుంచి మా ఆయన కాళ్లు నేలమీద ఆనలేదు. "అసలు సిసలు బిస్ట్రోలో ఈ పుల్లలేమిటి?" అని చాప్‌స్టిక్స్ అన్నీ అటకెక్కించాడు. వద్దు మొర్రో అన్నాను. వింటేగా!

ఆ బుధవారం బామ్మ చాప్‌స్టిక్స్ అడిగితే లేవని నసిగాను. ఆమె ఫోర్కుతో బాతుకాలును పళ్లెమంతా తరిమి తరిమి తింది. లేచి, నడుం వంచి, "చాలా రుచిగా ఉందండీ. శ్రమపడ్డారు," అని వెళ్లిపోయింది.

మా ఆయన పొంగిపోయాడు. "విన్నావా? బామ్మ మెచ్చుకుంది!"

"నీ మొహం! నిన్ను అండీ అంది. ఇక రాదు."

మా ఊళ్లో అంతే. నచ్చని చోట తగువు పెట్టుకోం. మర్యాదగా మెచ్చుకుని, మళ్లీ ఆ గుమ్మం తొక్కం. తర్వాతి బుధవారం చివరి కుర్చీ ఖాళీ. ఆ పై బుధవారమూ ఖాళీ. మా ఆయన దిగులు చూడలేకపోయాను. నాకూ ఆ తిట్లు లేక కొట్టు బోసిపోయింది.

"వెళ్లి అడగరాదూ?"

"ఏమని? ఎందుకు మెచ్చుకున్నారనా?"

చివరికి లేని జుట్టు కత్తిరించుకోవడానికి బయల్దేరాడు. నేనూ తోడు వెళ్లాను.

"ఎలా కత్తిరించమంటారండీ?" అంది బామ్మ.

మా ఆయన జేబులోంచి చాప్‌స్టిక్స్ తీసి అద్దం ముందు పెట్టాడు. "రేపు బుధవారం బామ్మా."

"అవునండీ. వాన పడేలా ఉంది."

కత్తెర అందుకుని ఆ నాలుగు వెంట్రుకలూ సవరించింది.

మర్నాడు వానలోనే వచ్చింది. చివరి కుర్చీలో కూర్చుని, చాప్‌స్టిక్స్ అందుకుంది. తలుపు చాటున మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అబ్బాయ్! ఇలా రా. ఏంటీ ఉప్పు?"

ఆయన మొహం వెలిగిపోయింది. "తప్పయింది బామ్మా!"

"కావాలనే వేశావు కదూ? నేను తిట్టాలని?"

మా ఆయన తల దించుకున్నాడు. బామ్మ పళ్లెం ముందుకు తోసింది.

"తీసుకెళ్లు. ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యి. వంక నేను వెతుక్కుంటాను."