పడుగు అతికిన రెండు రోజులు

పోయిన నెల కర్నూలులో ఒక ఆడపిల్లల కాలేజీ వాళ్ళు పిలిచి, విదేశాలకు చదువులకు వెళ్ళబోతున్న పిల్లలకు నాలుగు మాటలు చెప్పమంటే, మోకాళ్ళ నొప్పులు కూడా మరచి ఆటో ఎక్కి వెళ్ళాను. ఆఖరున ముందు వరుసలోంచి ఒక బక్కపలచని పిల్ల లేచి, మొదటి రోజుల్లో మీకు వెనక్కి వచ్చేయాలనిపించలేదా మేడం అని అడిగింది. అనిపించిందమ్మా అని ఒక్క మాట చెప్పి కూర్చున్నాను. మిగతా జవాబు ఇంటికొచ్చినా నన్ను వదలలేదు. నా ఈడు వాళ్ళకైతే వినే ఓపిక ఉంటుంది గనక మీతో చెబుతున్నాను.

మాది ఎమ్మిగనూరు. నాన్న మగ్గం నేసేవాడు, అమ్మ ఇల్లిల్లూ తిరిగి అచ్చులు అతికేది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోవచ్చినప్పుడు దాన్ని ఊడదీయకుండా, దాని కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్క పోగుగా కలిపి, బూడిద అద్దిన వేళ్ళతో మెలిపెట్టడాన్ని అచ్చు అతకడం అంటారు. ముడి వేస్తే అది దువ్వెన పళ్ళలాంటి పన్నె సందుల్లో ఇరుక్కుంటుంది. మెలి అయితే జారిపోతుంది. ఏడేళ్ళ వయసు నుంచీ అమ్మ పక్కన కూర్చుని ఆ పని చేసి చేసి విసిగిపోయి, దాన్ని తప్పించుకోవడానికే బుద్ధిగా చదువుకున్నానంటే నమ్మండి. కానీ చదివింది మళ్ళీ బట్టల చదువే. డిప్లొమా అయ్యాక చేనేత సంఘంలో నాలుగేళ్ళు పనిచేసి, ఏడాది చదువుకు స్కాలర్‌షిప్పు దొరికి, ఇరవై ఆరేళ్ళ వయసులో స్కాట్లండులోని ఒక ఉన్ని మిల్లుల ఊళ్ళో దిగాను.

మే నెలలో బండమీద చెప్పు లేకుండా నడిచిన దాన్ని, అక్కడి చలికి వేళ్ళు కొంకర్లు పోయి పెన్ను పట్టుకోలేకపోయాను. అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలూ శెనిగ్గింజల పొడీ నాలుగు రోజుల్లో అయిపోయాయి. అవన్నీ ఓర్చుకున్నాను గానీ మాటతోనే చిక్కు వచ్చింది. పుస్తకాల్లో చదివిన ఇంగ్లీషు ఒకటి, వాళ్ళు గొంతులో దొర్లించి మాట్లాడేది ఇంకొకటి. వాళ్ళది నాకు అర్థం కాదు, నాది వాళ్ళకు అర్థం కాదు. డిప్లొమా చదివేటప్పుడు హైదరాబాదు హాస్టల్లో నేను యాడ, ఈడ అంటే పిల్లలు నవ్వేవాళ్ళు. ఇక్కడ నవ్వకుండా మర్యాదగా మళ్ళీ చెప్పమనేవాళ్ళు, అదే ఎక్కువ బాధగా ఉండేది.

వారం తిరగగానే మా విభాగానికి పెద్ద అయిన ప్రొఫెసరమ్మ పిలిచి, కాగితం మీద రాసి మరీ చెప్పింది. ఈ తీరున తరగతులు నడవవు, ముందు ఏడాది భాష నేర్చుకుని రావడం మంచిది, వచ్చే శుక్రవారం నిర్ణయిస్తాం అని. నాకున్నదే ఏడాది స్కాలర్‌షిప్పు. అంటే ఇంటికి పొమ్మన్నట్టే.

ఆ సోమవారం కాలేజీ వర్క్‌షాపులో పెద్ద మగ్గం ఆగిపోయి ఉంది. అక్కడ పడుగులు అతికే ముసలామె జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుందట. కొత్త పడుగు సిద్ధంగా ఉంది, అతికే చెయ్యే లేదు. వర్క్‌షాపు మేస్త్రీ, తెల్లగడ్డం మనిషి, పాత పోగులన్నీ లాగిపారేసి మొదటి నుంచీ ఎక్కించాలని, వారం పని అని తల పట్టుకున్నాడు. నేను దగ్గరికి పోయి, నోరు తెరవకుండా, చేత్తో ఆ కొసలూ ఈ కొసలూ చూపించి, పీట లాంటిది ఒకటి అడిగి కూర్చున్నాను. బూడిద లేదు. బోర్డు దగ్గర సుద్దముక్క తెచ్చి పొడి చేసి వేళ్ళకు అద్దుకున్నాను.

మొదటి పది పోగులు రెండేసి సార్లు మెలిపెట్టాల్సి వచ్చింది. నేను చేసిందంతా నూలు మీద, ఇది ఉన్ని, మెలి నిలవడానికి ఇంకొంచెం బిగువు అడుగుతోంది. ఆ బిగువు వేళ్ళకు తెలిసిన తరువాత చలి కూడా తెలియలేదు. వెయ్యికి పైగా పోగులు. సోమవారమంతా, మంగళవారం మధ్యాహ్నం దాకా పట్టింది. ఒక్కొక్కరే పిల్లలు వచ్చి చుట్టూ చేరారు. మేస్త్రీ ఏదో అడిగాడు. అది వాళ్ళ ఇంగ్లీషే గానీ, ఎందుకో నాకు మా ఊరి మాటలాగే వినపడింది.

"ఏమ్మా, ఈ పని యాడ నేర్చుకున్యావు?"

"మా అమ్మ కాడ," అన్నాను, తెలుగులోనే. ఆయన అర్థమైనట్టు తల ఊపాడు.

అసలు పరీక్ష అతుకులన్నీ పన్నెలోంచి దాటించడం. ప్రొఫెసరమ్మ కూడా వచ్చి నిలబడింది. మేస్త్రీ అటు బట్ట చుట్టుకునే దూలం తిప్పుతుంటే నేను ఇటు పోగులు సర్దుతున్నాను. పడుగు మొత్తం జానెడు జానెడుగా దాటింది. మూడు పోగులు తెగాయి. ఆ మూడింటిని చూసి నేను తల దించుకుంటే, మేస్త్రీ మూడంటే మూడే అని వేళ్ళు చూపిస్తూ అందరి దగ్గరికీ తిరిగాడు.

బుధవారం ప్రొఫెసరమ్మ తరగతిలో నన్ను నిలబెట్టి, ఎలా చేశానో చెప్పమంది. గంటసేపు మాట్లాడాను. అర్థం కాని చోట వాళ్ళు ఆపి అడిగారు, నేను చేత్తో చూపించి మళ్ళీ చెప్పాను. శుక్రవారం నన్నెవరూ పిలవలేదు. నేనే వెళ్ళి అడిగితే ఆమె కళ్ళద్దాలు తీసి, ఏ నిర్ణయం అని నన్నే అడిగింది. ఆ రోజు ఆ ఊరి వాగు గట్టున, ఎవరూ లేరని చూసుకుని, గట్టిగా నవ్వాను.

ఒకటి చెప్పడం మరిచాను. ప్రొఫెసరమ్మ పిలిచిన రోజునే, ఉండలేను వచ్చేస్తానని ఇంటికి ఉత్తరం రాసి పడేశాను. అది ఊరు చేరి, చదువు రాని అమ్మకు పక్కింటి ఉర్దూ బడి అయ్యవారు చదివి వినిపించి, ఆమె చెప్పింది రాసి పంపి, ఆ జవాబు నాకు అందేసరికి నెల దాటింది. "శానా చలంట గదా, చెవులకు గుడ్డ కట్టుకో. రావల్లంటే రా, ఈడ ఎవురూ ఏమీ అనరు. వచ్చేముందర నీకొచ్చిన పని వాళ్ళకు ఒకతూరి చూపిచ్చి రా."

ఏడాది తరువాత ఇంటికొచ్చి సర్టిఫికెట్టు చేతికిస్తే అమ్మ దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టి వచ్చి, నేను ఉత్తరంలో రాసిన ఆ మూడు పోగులు ఎట్లా తెగినాయని అడిగింది.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఫోనులో బిడ్డ కన్నీరు ఆ నిమిషానికే ఇల్లు చేరుతుంది, ఓదార్పూ ఆ నిమిషానికే తిరిగి వస్తుంది. మంచిదే, ఆ సుఖం మా అమ్మకూ దక్కి ఉంటే బాగుండేదనుకుంటాను. కానీ నా ఉత్తరం సముద్రం మీద ఉన్న ఆ రోజుల్లో ఊరడించే మనిషి లేక, నేను లేచి పోయి మగ్గం ముందు కూర్చున్నాను. అమ్మ గొంతు అప్పుడే వినపడి ఉంటే కూర్చునేదాన్నా అన్నది ఈనాటికీ నాకు తెలియదు.