టేపుకి అతికించిన గుడ్డ

టైలరక్క దుకాణానికి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా మొదట అడిగేది ఆ టేపు గురించే. కొలతల టేపు అందరు టైలర్ల దగ్గరా ఉండేదే, అరవై అంగుళాలది. ఈమె టేపు చివర మాత్రం ఇంకో పన్నెండు అంగుళాల గుడ్డముక్క కుట్టి ఉంటుంది. నీలం మీద తెల్లచుక్కలు. ఉతికీ ఉతికీ నీలం వెలిసిపోయింది, చుక్కలు ఇంకా ఉన్నాయి.

"ఈ తోకేంటక్కా?" అంటారు.

"అది కొలతలోకి రాదులే. చెయ్యెత్తు," అంటుంది, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని. అంతకుమించి మాట పెగలదు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. మిషను కన్నా ఆమె నోరే ఎక్కువ ఆడుతుందని వీధంతా నవ్వుకునేది. మాట దాచుకోవడం తెలియని మనిషి, గుడ్డ మాత్రం దాచేది. ఎవరికేం కుట్టినా కుట్టు లోపల రెండువేళ్ళ వెడల్పు వదిలేది. "రేపు కాస్త ఒళ్ళొస్తే విప్పుకోవచ్చు. మనిషి ఎప్పుడూ ఒకేలా ఉంటాడా ఏంటి?" అనేది. చెల్లెలికి కుట్టే గౌన్లలో అయితే ఇంకా ఎక్కువ వదిలేది.

"నేను ఏనుగునవుతానని నీకు ఎంత నమ్మకమే అక్కా!" అని చెల్లెలు వెక్కిరించేది.

జబ్బు ఊళ్ళమీద పడ్డ ఏడాది, వేరే ఊళ్ళో ఉంటున్న ఆ చెల్లెలు ఆసుపత్రిలో పోయింది. ఆమె భర్త అదే ఆసుపత్రిలో ముక్కుకి గొట్టంతో ఉన్నాడు. ఆరేళ్ళ చిట్టీ, ఏడాదిన్నర బుడ్డోడూ పక్కింటివాళ్ళ మేడమీద గదిలో ఉన్నారు. పరీక్ష చేయిస్తే ఇద్దరికీ జబ్బు లేదని వచ్చింది. అమ్మ ఆసుపత్రిలో ఉందనే చిట్టికి చెప్పి ఉంచారు.

బస్సులు మళ్ళీ తిరగడం మొదలైందని తెలియగానే పిల్లల్ని తెచ్చుకోవడానికి టైలరక్క సంచీ సర్దుకుంది. ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునే నర్సు ఫోన్లో జాగ్రత్తలు చెప్పింది. చిట్టికి మాస్కు వెయ్యాలి. బుడ్డోడికి వెయ్యకూడదు, రెండేళ్ళు నిండని పిల్లలకి ఊపిరాడదు. అందుకని వాణ్ణి గుండెకి కట్టుకుని, మొహం తనవైపు తిప్పి ఉంచాలి. కిటికీ పక్కన కూర్చోవాలి, కిటికీ తెరిచే ఉండాలి. తిండి ఇంటినుంచే పట్టుకెళ్ళాలి. ఎవర్నీ ఆరడుగుల లోపలికి రానివ్వకూడదు. "ఇంటికొచ్చాక కూడా పద్నాలుగు రోజులు పిల్లలూ నువ్వూ వేరే గదిలో ఉండండి. మీ అమ్మగారి ఊపిరితిత్తులు అసలే అంతంతమాత్రం," అంది.

తల్లి అంతా విని, "పద్నాలుగు రోజులంటే నేను ఆగుతాను. నువ్వు మాత్రం దారిలో నోరు జారకు. పదిహేనో రోజున నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేనే చెప్తాను చిట్టికి, వాళ్ళమ్మ లేదని," అంది.

"నేనెందుకు చెప్తానమ్మా?"

"నీ సంగతి నాకు తెలీదూ!"

ఆరడుగులంటే కంటికి ఎంతో తెలియాలి కదా అని టేపు తీసింది. టేపు అయిదడుగులే. ముక్కల సంచీలో చెయ్యిపెడితే అందింది చెల్లెలి గౌనులో మిగిలిన నీలంగుడ్డ. పన్నెండు అంగుళాలు కత్తిరించి టేపు చివర అతికించేసింది. చేతికి అందింది కదా అని కుట్టిందే తప్ప, ఆ క్షణాన ఇంకేమీ ఆలోచించలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కగానే చిట్టి ఆ గుడ్డ పట్టేసుకుంది.

"ఇది అమ్మ గౌను."

"అవునమ్మా. మిగిలిన ముక్క."

"నువ్వు కోసేశావని అమ్మకి తెలుసా?"

"తెలుసు," అంది టైలరక్క.

సీటు మార్చి సీటుకి అడ్డంగా రిబ్బన్లు కట్టి ఉన్నాయి. అయినా జనం రిబ్బను పక్కకి జరిపి కూర్చుంటూనే ఉన్నారు. చిట్టి మాస్కు కళ్ళదాకా లాక్కుని, దారిలోకి టేపు చాపి, వచ్చేవాళ్ళని వచ్చినట్టే ఆపుతోంది. కండక్టరు చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మా ఇన్‌స్పెక్టరుగారూ, టికెట్టు ఇవ్వడానికైనా రావచ్చా?" అన్నాడు. "గుడ్డ దాకా రండి. ఇటు విసరండి," అంది చిట్టి. బస్సంతా నవ్వింది. టైలరక్కా నవ్వింది, పది రోజుల తర్వాత. రెండుసార్లు బస్సు ఆగినప్పుడు ముగ్గురూ దిగి, సబ్బుతో చేతులు కడుక్కుని, ఎవరూ లేనిచోట రొట్టే అరటిపళ్ళూ తిని ఎక్కారు.

మధ్యాహ్నం బుడ్డోడు ఏడుపు అందుకున్నాడు. ఊపినా జో కొట్టినా ఆగడు. వెనక సీట్లో ఉన్న పెద్దావిడ పాపం లేచి, మాస్కు గడ్డం కిందకి లాక్కుని, "ఇలా ఇవ్వమ్మా, క్షణంలో పడుకోబెడతాను," అంటూ చేతులు చాపి వచ్చేసింది. చిట్టి టేపు అడ్డం పెట్టింది. ఆవిడ దాన్ని తోసేసింది.

"రావద్దండీ, దణ్ణం పెడతాను!" అని అరిచింది టైలరక్క.

"ఏంటమ్మా ఆ అరుపు? మాకేమన్నా రోగమా?"

"మీకు కాదండీ, మావల్ల మీకు రాకూడదని. వీళ్ళమ్మ ఆ జబ్బుతోనే పోయి పది రోజులైంది!"

అనేసింది. అన్నాక గానీ ఆమె చెవికే వినపడలేదు.

పెద్దావిడ చాపిన చేతులు వెనక్కి లాక్కుంది. ముందు సీట్లోంచి ఎవరో, "బస్సు ఆపండి, దింపెయ్యండి వాళ్ళని," అన్నారు. ఇంకొకరు వంత పాడారు. డ్రైవరు బస్సు పక్కకి తీసి ఆపాడు. కండక్టరు, "పసిపిల్లల్ని రోడ్డుమీద ఎక్కడ దింపమంటారు? ఆ టేపు ఎంత పొడవుందో అంతమేరా ఖాళీ చెయ్యండి. కిటికీలన్నీ తెరవండి. భయమున్నవాళ్ళు ముందుకు రండి," అన్నాడు. అందరూ గొణుక్కుంటూనే ముందుకు జరిగారు. పెద్దావిడ మాస్కు పైకి లాక్కుని, ఆఖరున కదిలింది, వెనక్కి చూస్తూ.

బస్సు కదిలింది. చిట్టి కిటికీలోంచి బయటికే చూస్తోంది.

"పెద్దమ్మా."

"ఊఁ."

"అమ్మ చచ్చిపోయిందా?"

"అవును తల్లీ."

"మరి గుడ్డ కోశావని అమ్మకి తెలుసన్నావు?"

టైలరక్క ఒకచేత్తో బుడ్డోణ్ణి పట్టుకుని, రెండోచేత్తో ఆ పిల్లని దగ్గరికి లాక్కుంది. పిల్ల రాలేదని కాదు, వచ్చింది. కానీ కర్రలా బిగుసుకుని వచ్చింది. దిగేదాకా గుడ్డని గుప్పిట్లోంచి వదల్లేదు.

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. గేటు లోపల అమ్మమ్మ నిలబడి ఉంది, ముక్కూ నోరూ కప్పుకుని. పిల్లల్ని చూడగానే చేతులు చాపి గేటు తీసుకుని వచ్చేయబోయింది.

"అమ్మా, ఆగు!" అంది టైలరక్క.

అమ్మమ్మ ఆగింది. చాపిన చేతుల్ని ఏం చేసుకోవాలో ఆవిడకి తెలియలేదు.

చిట్టి గేటు బయట ఉన్న కుళాయి దగ్గరికి వెళ్ళింది. సబ్బు అడిగి తీసుకుని చేతులు కడుక్కుంది. గుడ్డకి కూడా సబ్బు పూసి, నురగ వచ్చేదాకా రుద్ది, పిండింది. ఆ చివరని గేటు ఊచలమీద వేసి, రెండో చివర పట్టుకుని, టేపు అయ్యేదాకా వెనక్కి నడిచింది.

"కడిగాను అమ్మమ్మా. నువ్వు ఆ చివర పట్టుకో. ఇంక ఇటు రాకు."

అమ్మమ్మ గుడ్డ అందుకుని చుక్కలు చూసింది.

"అమ్మ గౌనుది," అంది చిట్టి. "నాకు తెలిసిపోయింది. నువ్వు చెప్పక్కర్లేదు."

అమ్మమ్మ పెద్దకూతురి వైపు ఒక్కసారి చూసింది. తడిగుడ్డని చేతికి చుట్టుకుని మెట్టుమీద కూలబడింది. ఇటు చిట్టి కూడా నేలమీద కూర్చుని అప్పుడు ఏడ్చింది, వెక్కివెక్కి, ఆ దూరంలోనే. పట్టుకున్న చివర ఎవరూ వదల్లేదు. ఇద్దరి మధ్యా టేపు బిగిసి నిలబడింది.

టైలరక్క ఏదో అనబోయి, నోరు మూసుకుంది.