రాళ్ల గుట్టలో మూడు దెబ్బలు

మా వైపు ఎవరికైనా గాలి సోకిందని వేపమండలు పట్టుకొస్తే ముందుగా నవ్వేది నేనే. మా ఆయన పోయాక కూడా ఆ ఇంట్లో ఒక్కదాన్నే పడుకున్నాను, ఏ రోజూ భయపడలేదు. అట్లాంటి నాకే ఇది జరిగింది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

మార్కాపురం దగ్గర పలకల గనిలో నా పని. గనిలోంచి పైకి తెచ్చిన రాతి దిమ్మెను ఉలితో పొరలు పొరలుగా చీల్చాలి. ముందు సుత్తితో తట్టి వినాలి. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల బీట ఉంటే బొంగురుగా పలుకుతుంది. ఆ తేడా వినకుండా ఉలి పెడితే దిమ్మె ముక్కలవుతుంది. ఈ విద్య నాకు మా ఆయన నేర్పాడు. మా గనిలో ఉలి పట్టిన ఆడమనిషిని నేనొక్కదాన్నే, మిగతావాళ్లు రాళ్లు మోస్తారు. గొప్పకు చెప్పడం లేదు. గొప్పకే అనుకోండి, తప్పేముంది.

ఆయన దగ్గు జబ్బుతో పోయాక ఇల్లు మూగబోయింది. అమ్మాయి గిద్దలూరు నుంచి వచ్చి ఒక ఫోన్ ఇచ్చి వెళ్లింది. చదువు రాకపోయినా వేలితో తోస్తే చాలు, ఏదో ఒక గొంతు మాట్లాడుతుంది. ఎక్కడో వరద, ఎక్కడో యుద్ధం, ఎవరో ఎవరినో నరికారని వార్తలు. పొయ్యి దగ్గరా అదే. పనిలోనూ ఒక చెవిలో వైరు.

రెండేళ్లు అట్ల గడిచాయి. చివరికి ఒకే వారంలో ఏడు దిమ్మెలు పగలగొట్టాను. మేస్త్రీ నాకంటే చిన్నవాడు, మా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. పక్కన కూర్చుని నిదానంగా అన్నాడు.

"వదినా, చేతులు ఈడుండాయి, చెవులు యాడో ఉండాయి. ఇట్లయితే ఉలి ఇంకొకరికి ఇయ్యాల్సొస్తది."

తిట్టినా అంత బాధ ఉండేది కాదు. మర్నాటి నుంచి ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి పనికి పోయాను. వార్తలు పూర్తిగా మానేశాను. ఆదివారం అమ్మాయితో మాట్లాడటానికి మాత్రం బయటికి తీసేదాన్ని.

మొదట్లో చెయ్యి ఊరికే, ఫోన్ దోపుకునే నడుము దగ్గరికి పోయేది. నేను చూడకపోతే ఆ యుద్ధం ఏమైపోతుందో అన్నంత దిగులు. పదో రోజున ఒక దిమ్మెను తడితే ఖంగుమని వినబడింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత నా చేతిలో ఒక్క దిమ్మె చెడలేదు.

ఇక అసలు సంగతి. నాలుగు రోజులు ముసురు పట్టి వెలిసింది. మధ్యాహ్నం, పనికిరాని రాళ్లు పోసిన గుట్ట నీడలో ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. నేను, నాకంటే పెద్దదైన సుబ్బక్క, కొత్తగా పనికి వస్తున్న రమణ అనే పిల్ల. వాళ్లిద్దరి ఫోన్లూ మోగుతున్నాయి. సుబ్బక్కది సీరియల్, రమణది పాట.

నా వీపు వెనక, గుట్టలోంచి సుత్తి దెబ్బ వినబడింది. రెండు దెబ్బలు. కాస్త ఆగి ఇంకొకటి.

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. గనిలో ఎవరి నెత్తిన బండ వదులైనా మా ఆయన అట్లే కొట్టేవాడు. ఆ మోతలో అరుపు వినబడదు గదా. రెండు, ఆగి ఒకటి అంటే పక్కకు రమ్మని. ఆయన పోయాక ఆ దెబ్బ ఎవరూ కొట్టలేదు.

లేచి గుట్ట అవతలికి పోయి చూశాను. ఎవరూ లేరు. మగవాళ్లంతా దూరంగా రేకుల షెడ్డు కింద తింటూ కనబడుతూనే ఉన్నారు. తిరిగొచ్చి రాతికి చెవి ఆనించాను. మళ్లీ అదే.

లేవండి అన్నాను. ఎందుకో చెబితే రమణ పకపకా నవ్వింది.

"ఏంది పెద్దమ్మా, పెదనాయన అన్నానికి పిలుస్తుండాడా?"

సుబ్బక్క తల కూడా ఎత్తలేదు. నాకు ఇంకేం తోచలేదు. ఇద్దరి గిన్నెలూ లాక్కుని నడక మొదలుపెట్టాను. సుబ్బక్క ఫోన్ అక్కడే పడేసి నా వెంటపడింది.

"ఏమే, ఫోన్ మానినాక మతి గూడా పోయినాదా? నా పచ్చడన్నం ఇటియ్యి."

రమణ నవ్వుకుంటూ వెనకాల వచ్చింది. లారీలు ఆగే చోటికి చేరామో లేదో, గుట్ట ఆ పక్క మొత్తం జారింది. మేము కూర్చున్న చోట మనిషెత్తు రాళ్లు. వాటి కింద సుబ్బక్క సీరియల్ కాసేపు వినబడి ఆగిపోయింది. ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మేస్త్రీ గుట్ట చుట్టూ తిరిగి చూశాడు. అవతలి వైపు తడి మట్టిలో నా అడుగులు తప్ప వేరే అడుగు లేదు. వానకు రాళ్లు జారే ముందు లోపల చప్పుడవుతుందని అన్నాడు. అవుతుంది, నాకూ తెలుసు. జారే రాయి గరగరమంటుంది. రెండు కొట్టి, ఆగి, ఒకటి కొట్టదు. సుబ్బక్కా రమణా తమకేమీ వినబడలేదనే చెబుతారు. ఇదంతా నా మనసులో మోగి ఉంటుందని ఈ రాస్తున్న అమ్మాయి అంటుంది. కాదని నేను రుజువు చేయలేను.

తాయెత్తు కట్టుకోమన్నారు. కట్టుకోలేదు. మర్నాడు నా చోట్లో కూర్చుని ఉలి పట్టాను. ఇప్పుడు అన్నానికి ఎక్కడ కూర్చోవాలో మగవాళ్లు కూడా నన్నే అడుగుతారు.

కొట్టింది ఎవరో ఇప్పటికీ చెప్పలేను. విన్నది మాత్రం నేను.