సారు తాగిన సగం చాయ్

అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందు మొదట్లో ఒక చాయ్ బండి ఉంది. అక్కడ మరిగే పాల వాసనలో అల్లం ఘాటు తగిలితే నా మోకాళ్ళ నొప్పి కూడా కాసేపు ఆగుతుంది. మొన్న సాయంత్రం నేను అక్కడ నిలబడి ఉండగా పరీక్షల పుస్తకాలు చంకన పెట్టుకుని ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. "అన్నా, వన్ బై టూ," అన్నాడొకడు. బండివాడు ఒక గ్లాసులో చాయ్‌ని సగం రెండో గ్లాసులోకి వంచాడు. ఆ చప్పుడు వినగానే నాకు అసూయ కలిగింది. డెబ్బై అయిదేళ్ళ పెన్షనరుకు ఉండదగిన దానికంటే కొంచెం ఎక్కువే కలిగింది.

ఆ అసూయకు మూలం రాజలింగం సారు. చిక్కడపల్లిలో మా పక్కింటాయన, నారాయణగూడలో ఒక బడిలో లెక్కలు చెప్పేవారు. మా నాన్నకు సెక్రటేరియట్‌లో ఉద్యోగం కావడంతో నా ఏడో ఏట గుంటూరు నుంచి వచ్చి ఆయన పక్కన దిగాం. నేను ఆయన బడిలో ఎన్నడూ చదవలేదు, ఆయన గోడ మీదుగా చెబితే విన్నాను. డిగ్రీలో ఆర్థికశాస్త్రం తీసుకోవడానికి ఆయన కారణం. తీసుకున్నాక అది అర్థం కాకపోవడానికి నేను కారణం.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల మా కాలేజీలు తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. సాయంత్రం అయిదింటికి సారు వెంట చిక్కడపల్లి మలుపులో హోటల్‌కు వెళ్ళేవాళ్ళం. నగరంలో ఏడు బ్రాంచీలున్న పెద్ద హోటల్ అది. దాని దెబ్బకు మా సందులో ఉన్న రెండు చిన్న చాయ్ దుకాణాలు ఎప్పుడో మూతపడ్డాయి. మాతో మల్లేశ్ కూడా ఉండేవాడు. సారు పాత శిష్యుడు, కాలేజీలో నా క్లాసు. దోమలగూడలో కిరాయి గదిలో ఉంటూ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునేవాడు. ఎవరైనా చాయ్ చెబుతానంటే "ఇప్పుడే తాగొచ్చిన" అనడం అతని అలవాటు.

సారు కూర్చుంటూనే "వన్ బై టూ" అనేవారు. రెండు కప్పులు రాగానే రోజూ ఒకటే మాట: "నాకు పైత్యం, సగం కంటె ఎక్కువ పడది. మల్లేశూ, మిగిలింది పారబోస్తరా ఏంది? నువ్వు తాగు." మల్లేశ్ తాగేవాడు. నా ముందు నిండు కప్పు కాఫీ ఉండేది. నిండు కప్పు ముందు కూర్చుని అంత లోటు అనుభవించినవాడు ఆ హోటల్లో మరొకడు ఉండడు. నేను ఆంధ్రా వాణ్ణి కాబట్టే ఆ సగం నాకు దక్కడం లేదని ఒక సిద్ధాంతం చేసుకున్నాను. ఆ ఏడాది ఊళ్ళో అలాంటి సిద్ధాంతాలు చౌక.

ఒకరోజు హోటల్ గోడ మీద కొత్త బోర్డు కనిపించింది. "వన్ బై టూ ఇవ్వబడదు." ఏడు బ్రాంచీల్లోనూ అదే బోర్డు. నాకు లోలోపల చాలా తృప్తి కలిగింది. సారు బోర్డును రెండుసార్లు చదివి, "లేవుండ్రి. ఇగ ఈడ తాగుడు బంద్," అన్నారు. వారంలోపల మా సందులో పదిహేను మందిని ఒప్పించారు.

నేను చదువుకున్నవాణ్ణి కనుక అభ్యంతరం చెప్పాను. "ఏడు బ్రాంచీలు సార్. మనం పదిహేను మందిమి. మానేశామని వాళ్ళకు తెలియను కూడా తెలియదు."

"నిజమే," అన్నారు సారు. "రానోడు ఎవనికి కానొస్తడు? అందుకనే పోయి చెప్పాలె, వస్తలేమని."

అలాగే చేశాం. రోజూ అయిదింటికి గల్లా ముందు నిలబడేవాళ్ళం. "నమస్తే మేనేజర్ సాబ్. ఇయ్యాల గూడ వస్తలేము," అని చెప్పి తిరిగి వచ్చేవాళ్ళం. మొదటి వారం మేనేజరు నవ్వి "మంచిదండి" అన్నాడు. మూడో వారానికి మేము కనబడగానే కుర్చీలోంచి లేవడం మొదలుపెట్టాడు. అయిదో వారానికి దూరం నుంచే మమ్మల్ని చూసి, గల్లా బల్ల మీద లేని దుమ్ము తుడిచేవాడు. లోపలికి పోబోయేవాళ్ళు "ఏంది సార్ సంగతి?" అని అడిగితే సారు పాఠం చెప్పినట్టు చెప్పేవారు. కొందరు వెనక్కి తిరిగేవారు. కొందరు పాఠమంతా విని లోపలికి పోయి దోసె తినేవారు.

ఆ మాట చెప్పడం వంతుల ప్రకారం జరిగేది. మల్లేశ్‌కు మూడోసారి వంతు వచ్చిన నాటికి నాకు ఒక్కసారీ రాలేదు. ఆ సాయంత్రమే నేను నారాయణగూడకు నడిచి, అదే హోటల్ బ్రాంచీలో మూల బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగాను. తల వంచుకుని తాగి, తల వంచుకునే డబ్బులిచ్చి బయటపడ్డాను. ఒకసారి తల ఎత్తి ఉంటే బాగుండేది.

మర్నాడు గల్లా ముందు సారు నా భుజం మీద చెయ్యి వేశారు. "ఇయ్యాల నువ్వు చెప్పయ్యా." నలభై రోజులుగా ఎదురు చూసిన వంతు. గొంతు సవరించుకుని, "ఇవాళ కూడా మేం రావడం లేదండి," అన్నాను.

మేనేజరు ఎంతో మర్యాదగా, "నిన్న నారాయణగూడకు వచ్చారు కదండీ," అన్నాడు. "అక్కడాయన సెలవు పెడితే ఆరింటి నుంచి నేనే కూర్చున్నాను."

మల్లేశ్ తన చెప్పులు చూసుకున్నాడు. రోడ్డు మీద కొంత దూరం నడిచాక సారు అడిగారు.

"కాఫీ మంచిగుండెనా?"

"బాగుంది సార్."

"గందుకే బంద్ చేసినం. మంచిగ లేకుంటే బంద్ చేసుడెందుకు, ఊకెనే మానేస్తరు."

మర్నాడు పొద్దున్నే క్షమాపణ చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. సారు మంచం మీద కూర్చుని పేపరు చదువుతూ చాయ్ తాగుతున్నారు. చేతిలో ఉన్నది కప్పు కాదు, మా ఇంట్లో మజ్జిగకు వాడేంత పెద్ద ఇత్తడి గ్లాసు. అది నిండుగా ఉంది.

"సార్‌కు పైత్యం కదా పిన్నిగారూ, అంత చాయా?" అన్నాను ఆయన భార్యతో.

"పైత్యమా? ఎవలు చెప్పిన్రు బిడ్డా? పొద్దుగాల గసొంటియి రెండు పడందే ఈయన కండ్లు తెరువడు."

పేపరు కొంచెం పైకి లేచి సారు ముఖాన్ని కప్పేసింది. దాని వెనక నుంచి మాట వచ్చింది. "ఆ పోరడు నిండు కప్పు చెప్తే తాగొచ్చిన అంటడు. ఇంటికి పిలిస్తే గదే మాట. పారబోస్తరంటే తాగుతడు. నీకేం తక్కువయ్యా, ఇంటికి పోతే అమ్మ కాఫీ ఇస్తది." పేజీ తిప్పి, "వానికి చెప్పకు," అన్నారు.

సంగతి తెలిశాక అసూయ పోవాలి. పోలేదు. అంతవరకు సగం చాయ్ మీద ఉన్నది ఆ అబద్ధం మీదికి మళ్ళింది. రోజూ నా కోసం ఒక అబద్ధం ఆడే మనిషి నాకెవరూ లేరు. ఆ సాయంత్రం మాత్రం పిలవకుండానే గల్లా ముందుకు వెళ్ళి నిలబడ్డాను. తరవాత ఒక్కరోజు కూడా మానలేదు.

దసరా తరవాత ఏడు బ్రాంచీల్లోనూ బోర్డులకు కొత్త రంగు వేశారు. ఆ వాక్యం లేదు. మా వల్లనేనని మా సందు అంది. ఎదురుగా ఇంకో హోటల్ రాబోతోందని భయపడ్డారని ఇంకొందరు అన్నారు. మేనేజరును అడిగితే, పెయింటరుకు చోటు చాలలేదన్నాడు.

"మనం గెలిచినట్టేనా సార్?" అని అడిగాను.

"ఏమోనయ్యా. చాయ్ అయితే వచ్చింది," అని సారు రెండు కప్పుల్లో ఒకదాన్ని మల్లేశ్ వైపు జరిపారు. "నాకు పైత్యం..." నేను నా నిండు కప్పు తాగాను.

సారు పోయి చాలా ఏళ్ళయింది. మల్లేశ్ తహసీల్దారై, రిటైరై, పోయిన ఏడాది పోయాడు. అందుకే ఇది రాయగలుగుతున్నాను. అతన్ని ఆఖరుసారి చూసింది బర్కత్‌పురలో ఒక పెళ్ళిలో. భోజనాలయ్యాక నిండు కప్పు చాయ్ చేతిలో పట్టుకుని, "పాపం సార్," అన్నాడు. "పైత్యంతోని బతుకంత సగం చాయే తాగిండు. గా మిగిలిన సగం నాకే ఇస్తుండె. నిన్ను ఎన్నడు అడగలే, యాదికున్నదా?" ఆ ఆఖరి మాటలో ఒక చిన్న గర్వం ఉంది. దాన్ని ఒక్క వాక్యంతో దించేయవచ్చు. ఆ వాక్యం యాభై ఏళ్ళుగా నా నాలుక మీద సిద్ధంగా ఉంది.

"అవును," అన్నాను. "సార్‌కు బాగా పైత్యం ఉండేది."

సారు రోజూ ఆడిన అబద్ధంలో మిగిలిన సగం, కాస్త ఆలస్యంగా, నా వంతుకు వచ్చింది.