మూడో కొమ్ము దగ్గరి కుట్టు

కుట్టు గదిలో అందరూ ఆమెను సూదక్క అంటారు. ఒకప్పుడు ఇంట్లో మిషను మీద చొక్కాలు కుట్టేది. ఇప్పుడు గుండెకు వేసే వాల్వులు కుడుతోంది. పశువు గుండెను చుట్టి ఉండే పల్చటి పొరను మందునీళ్లలో ఊరబెట్టి, రెక్కలుగా కత్తిరించి ఇస్తారు. ఉంగరమంత చట్రానికి మూడు కొమ్ములుంటాయి. వాటి మీద రెక్కలను నిలబెట్టి, భూతద్దం కింద, వెంట్రుకలాంటి దారంతో చేత్తోనే కుట్టాలి. పొర ఆరిపోకుండా పక్కనున్న గిన్నెలోంచి ఉప్పునీటి చుక్కలు వేస్తూ ఉండాలి.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. ఇంట్లో గొడవపడో, దేనికో భయపడో వచ్చిన మనిషి తన గిన్నెను బోర్లిస్తుంది. ఎవరూ కారణం అడగరు. ఆ పూటకు పొరలు కడిగే పని ఇస్తారు. మనసు బిగిస్తే చెయ్యి బిగుస్తుంది, చెయ్యి బిగిస్తే దారం బిగుస్తుంది. బిగిసిన కుట్టు ఉన్నచోట, రెక్క ఆడిన ప్రతిసారీ లాగుడంతా అక్కడే పడుతుంది. కొన్నేళ్లకు అక్కడే సున్నం పేరుకుంటుంది, లేదా చిరుగు పడుతుంది. పరీక్ష గదిలో ఆపకుండా నీళ్లలో ఆడించే వాల్వుల్లో సూదక్క అలాంటి చిరుగులు కళ్లారా చూసింది.

ఆమె మాత్రం ఎన్నడూ గిన్నె బోర్లించలేదు. అదొక గర్వం.

ఆమె భర్త తాపీమేస్త్రి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే వయసనుకున్నారు. ఒకరోజు పరంజా మీద కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఆసుపత్రిలో చూసి, గుండెలో వాల్వు గట్టిపడిందన్నారు. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. రెక్కల్లో ఉన్నవి ప్రాణమున్న కణాలు. లాగినా నొక్కినా వాటికి తెలుస్తుంది. ఏళ్ల తరబడి రక్తపోటు ఎక్కువగా ఉంటే, తట్టుకోవడానికి అవి ముతక నారను పేరుస్తాయి. ఆపైన దారితప్పి, ఎముక కట్టే పనికి దిగుతాయి.

"మీ అరచేతుల్లో కాయలు కాశాయి చూశారా? మొదలవడం అలాగే మొదలవుతుంది," అంది.

"అయితే నా గుండె కూడా తాపీపనిలో చేరిందన్నమాట," అని ఆయన నవ్వాడు.

సూదక్క నవ్వలేదు. కొత్త వాల్వు వెయ్యాలన్నారు. ఆ ఆసుపత్రికి వాల్వులు వెళ్లేది తమ గది నుంచే.

మర్నాడు గిన్నె బోర్లించాల్సింది. బోర్లించలేదు. గదిలో తన చెయ్యే మంచిదని ఆమె నమ్మకం. తను ఆగితే ఆయనకు ఇంకెవరి కుట్టో వెళ్తుంది. ఏ వాల్వు ఏ మనిషికి పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి, ప్రతిదీ ఆయనదే అనిపించింది. సూది దిగిన చోటల్లా ఆయన ఛాతీయే కనిపించింది. వీపున చెమట కారుతున్నా పని పూర్తిచేసింది.

తప్పున్న పనిని కోసి పారేసే పెద్దాయనను అందరూ కత్తెర బాబాయి అంటారు. ఆయన ఆ వాల్వును ఇటూ అటూ తిప్పి, బాగుందని ఆసుపత్రికి పంపే సీసాలో వేసేశాడు.

సాయంత్రం భర్త గోడకు చేరగిలి కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదన్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. వేళ్లకు కాయ తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది. మూడో కొమ్ము దగ్గర ముడి వేసేటప్పుడు, ఊడిపోతుందేమోనన్న భయంతో దారాన్ని ఇంకో లాగు లాగింది. ఆ సీసా ఈపాటికి వెళ్లిపోయి ఉంటే? ఆయన లోపలికే కానక్కర్లేదు, ఎవరి లోపలికైనా.

తెల్లవారాక, గది తలుపు తీయకముందే వెళ్లి నిలబడింది.

"బాబాయ్, నిన్నటి నా సీసా తియ్యండి."

"అది పాసైందమ్మా. నీ పనికి వంక పెట్టిందెవరు?"

"నేనే. మూడో కొమ్ము చూడండి."

సీసాలన్నీ పంపడానికి పెట్టెలో సర్దేశారు. ఆయన ఒక్కొక్కటే తీసి చూస్తుంటే, చూసినవాటిని ఆమె పక్కన పేర్చింది. చివరికి దొరికింది. అద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. ముడి పక్కన, రెక్క అంచున, సన్నటి ముడత. కత్తెర తీసి రెక్కను అడ్డంగా కోశాడు.

"నిన్న నేను నీ పేరు చూశానమ్మా, కుట్టు చూళ్లేదు," అన్నాడు.

సూదక్క తన బల్ల దగ్గరికి వెళ్లి గిన్నె బోర్లించింది. అందరూ చూశారు, ఎవరూ అడగలేదు. పక్క బల్ల దగ్గర ఒక లావుపాటి ఆవిడ కుడుతుంది. చెయ్యి నెమ్మది. నీ కుట్టు నిద్రపోతోందని సూదక్క ఆవిణ్ణి రోజూ దెప్పేది. ఆవిడే లేచి, పొరల తొట్టి తెచ్చి ముందు పెట్టింది.

"కడుగక్కా. నిద్రపోయే కుట్టు సంగతి నేను చూసుకుంటాలే."

ఆపరేషన్ జరిగినంతసేపూ సూదక్క బయట బెంచీ మీద ఉప్పునీటికి పగిలిన తన వేళ్లను చూసుకుంటూ కూర్చుంది. మాట వచ్చాక ఆయన అడిగిన మొదటి మాట ఇది:

"లోపలున్నది నువ్వు కుట్టిందేనా?"

"తెలియదండీ."

ఆయన కళ్లు మూసుకున్నాక, కట్టుకు పక్కగా మెల్లగా చెవి ఆనించింది. కొట్టుకుంటోంది. కుట్టింది ఎవరి చెయ్యో, ముడి దగ్గర అది ఎలా ఆగిందో వింటే తెలిసేది కాదు. అయినా వింటూనే ఉంది. అది నిద్రపోయే కుట్టే అయ్యుండాలని మనసులో మొక్కుకుంది.