కడిగిన కారు, మూటల కారు

2022 జూన్ నెల. విజయవాడ ఆటోనగర్‌లో నా షెడ్డుకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. నేను చేసేది ఒక్క సస్పెన్షన్ పనే. అంటే చక్రాలకూ బాడీకీ నడుమ ఉండే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల పని. వచ్చిన ప్రతి కారుకూ తేదీ, తిరిగిన కిలోమీటర్లు, నాలుగు చక్రాల దగ్గరి ఎత్తులు మిల్లీమీటర్లలో రాసి ఉంచుతాను. రాయనిది నాకు గుర్తుండదు. ఒకవేళ గుర్తున్నా నమ్మను.

ఆ నెల పదమూడున, సోమవారం, ఎర్ర రంగు స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్ ఒకటి వచ్చింది. మీటరు మీద అరవై రెండు వేల కిలోమీటర్లు. నడుపుతున్నది లావణ్య గారు, మంగళగిరిలోని ఒక చేనేత కుటుంబపు కోడలు. చీరల వ్యాపారం మీద రోజూ వారధి దాటి వన్ టౌన్‌కు వస్తారు. వెనక సీటులో ఆమె మామగారు వీరభద్రయ్య గారు వస్తుంటారు. ఆ రోజు మాత్రం ఒక్కరే వచ్చారు.

“షాక్‌లు పోయాయండీ. మలుపులో పడవలాగా ఒరుగుతోంది. కాయిలోవర్లు వేయిద్దామనుకుంటున్నాను” అన్నారు. కాయిలోవర్ అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే సెట్టుగా వచ్చి, కారు ఎత్తును మనకు కావలసినట్టు మార్చుకునే వీలున్న సామాను.

“ఎత్తు ఎందుకు తగ్గించాలి?” అని అడిగాను.

“చూడ్డానికి బాగుంటుంది కదండీ” అని నవ్వారు. తరువాత అసలు విషయం చెప్పారు. “శ్రావణంలోగా ఈ కుదుపులు తగ్గకపోతే కారు అమ్మేసి వ్యాన్ కొందామంటున్నారు మా మామయ్య. సరేనని మాటిచ్చాను. నాకేమో అమ్మడం ఇష్టం లేదు సార్. ఇది నేను కొనుక్కున్న మొదటి కారు.”

వ్యాన్ ఎందుకని నేను ఆ క్షణాన అడిగి ఉండవలసింది. అడగలేదు.

రోజూ తిరిగే కారుకు కాయిలోవర్లు వద్దన్నాను. ఇరవై మిల్లీమీటర్లు మాత్రమే దించే స్ప్రింగులు, వాటికి సరిపడే షాక్‌లు ఎంచి, పదిహేనో తేదీకి బిగించాను. కారును ఆమె శుభ్రంగా కడిగించి, డిక్కీ ఖాళీ చేసి తెచ్చారు; కొలతలకు హాయిగా ఉంది. వెనక బంప్ స్టాప్ దగ్గర నలభై మిల్లీమీటర్ల ఖాళీ వచ్చింది. బంప్ స్టాప్ అంటే స్ప్రింగు మరీ నొక్కుకుపోయినప్పుడు ఇనుముకు ఇనుము తగలకుండా అడ్డుపడే రబ్బరు ముక్క. నలభై చాలు అనుకుని, రాసుకుని, పంపించాను.

ఇరవై నాలుగున ఇద్దరూ కలిసి వచ్చారు.

“మేస్త్రి గారూ, మలుపుల్లో మా అమ్మాయి చెప్పినట్టే ఉంది, కాదనను” అన్నారు వీరభద్రయ్య గారు. “స్పీడ్ బ్రేకర్ ఎక్కితే మాత్రం కింద టప్‌మంటోంది.”

“తగిలే వీల్లేదండీ. నలభై మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. ఇదిగో, పదిహేనో తారీకున రాశాను.”

“నా నడుం పుస్తకాలు చదవదండీ.”

“మామయ్యా, కాస్త మెల్లగా” అన్నారు లావణ్య గారు.

“మెల్లగానే అంటున్నానమ్మాయ్. వ్యాన్ కొన్నాక ఇంకా మెల్లగా పోదాం.”

కారును పిట్ మీదికి ఎక్కించాను. పిట్ అంటే మేము నిలబడి కారు అడుగుభాగం చూసే గుంట. డెబ్బై ఒక్క ఏళ్ళ ఆ పెద్దాయన నా వెనకే మెట్లు దిగారు. వద్దంటే వినలేదు. “నలభై ఏళ్ళు గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నానండీ. గుంట నాకు కొత్తా?”

టేపు పెట్టి చూపించాను. సరిగ్గా నలభై. నాకు కొంత గర్వంగానే ఉంది.

ఆయన చాలాసేపు పైకి చూసి, “డిక్కీలో ఇప్పుడేముంది?” అన్నారు.

“ఏమీ లేదండీ.”

“మొన్న కొలిచినప్పుడు?”

“అప్పుడూ ఏమీ లేదు.”

పైనుంచి లావణ్య గారు అందుకున్నారు. “షెడ్డుకు తెస్తున్నాం కదా మామయ్యా, చీరల మూటలన్నీ దించేసి కడిగించాను. మాసిన బండి ఎలా తెస్తాం?”

వీరభద్రయ్య గారు నా వైపు తిరిగారు. “నూలు ఎక్కించకుండా మగ్గం బిగువు చూస్తారండీ ఎవరైనా?”

మర్నాడు ఉదయం, కడగకుండా, రోజూ వెళ్ళినట్టే బయలుదేరి వన్ టౌన్‌కు పోయే ముందు ఇటు రమ్మన్నాను. వచ్చారు. డిక్కీలో నాలుగు మూటలు. పక్క షెడ్డు కాటా మీద నూట నాలుగు కిలోలు తూగాయి. మూటలు తిరిగి డిక్కీలో పెట్టి, అరవై ఒక్క కిలోల వీరభద్రయ్య గారిని వెనక సీటులో కూర్చోబెట్టి మళ్ళీ కొలిచాను. తొమ్మిది మిల్లీమీటర్లు. ఆ మిగులుతో స్పీడ్ బ్రేకర్ దాటితే తగలకుండా ఉండదు.

టేపు మీది అంకెను లావణ్య గారు కూడా చూశారు. “అయితే వ్యానేనా సార్?” అన్నారు.

“తప్పు కారుది కాదమ్మా, నాది. పది రోజులివ్వండి” అన్నాను.

ముందు చక్రాల స్ప్రింగులు, షాక్‌లు అలాగే ఉంచాను. వెనక మాత్రం కంపెనీ ఎత్తులోనే ఉండే ప్రోగ్రెసివ్ స్ప్రింగులు తెప్పించాను. వీటి చుట్లు ఒక చివర దగ్గరగా, రెండో చివర ఎడంగా ఉంటాయి. బరువు తక్కువైతే మెత్తగా, పెరిగేకొద్దీ గట్టిగా పనిచేస్తాయి. జులై నాలుగున బిగించి, మూటలతో, మామగారితో కొలిస్తే ముప్పై మూడు.

“ఖాళీగా ఉంటే వెనక కొంచెం లేచినట్టు కనిపిస్తుందేమో సార్” అని లావణ్య గారు సందేహించారు.

“మన కారు ఖాళీగా ఎప్పుడుందమ్మాయ్?” అన్నారు వీరభద్రయ్య గారు.

ముగ్గురమూ మూటలతోనే కంకిపాడు దాకా వెళ్ళాం. దారిలో పద్నాలుగు స్పీడ్ బ్రేకర్లు, ఒక్కచోటా తగల్లేదు. తిరుగు ప్రయాణంలో ఎలా ఉందని అడుగుదామని వెనక్కి తిరిగితే పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నారు. లావణ్య గారు అద్దంలో చూసి గొంతు తగ్గించారు. “వ్యాన్ మాట ఇక ఎత్తరు సార్.”

“ఎత్తనులే” అన్నారాయన కళ్ళు తెరవకుండానే. “ఆ లారీని మాత్రం మెల్లగా దాటు. నిద్రపడుతోంది.”

నలభై అన్న నా అంకె అబద్ధం కాదు. ఎవరూ నడపని కారుకు అది సరైన కొలత. ఇప్పుడు నేను ప్రతివారినీ కారు కడగవద్దని, రోజూ ఉండే సామానుతో, రోజూ ఎక్కే మనుషులతో రమ్మని కోరుతున్నాను. స్ప్రింగుల మాట ఆ తరువాతే. మొన్నామధ్య ఒకాయన డిక్కీలో ఏమీ ఉండదని ఖచ్చితంగా చెప్పారు. తెరిపిస్తే రెండు మినుముల బస్తాలు కనిపించాయి.

“అవి ఎప్పుడూ ఉండేవేనండీ” అన్నారు.